మొగుడి మాటలు నావి

మా అత్తగారికి టీవీలో నచ్చిన మగాడు ఒక్కడే. శనివారం సాయంత్రం వచ్చే "కాసేపు కూర్చోండి" కార్యక్రమంలో, అన్నిటికన్నా చివర, రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని కనిపించే మొగుడు. రెండో కుర్చీలో పెళ్ళాం ఉండేది. వాళ్ళకి పేర్లు లేవు. ఆ ముక్కకి మేం పెట్టుకున్న పేరు "ఆయనా ఆవిడా". ప్రసారం అయిపోయి మా ఆయనా నేనూ ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చేవారు.

"ఎంత నెమ్మదస్తుడే ఆ మొగుడు. ఆవిడ అన్నేసి మాటలంటున్నా ఒక్క మాట తూలడు. మావాడి రాత కదా, ఆ పెద్దరికం ఎక్కడికి పోతుంది" అనేవారు. తరవాత నా వైపు తిరిగి, "ఆ పెళ్ళాం ఉంది చూశావూ, దానికి మాత్రం నోరు కాస్త ఎక్కువే. ఆ మాటలు మావాడికి ఎవరందిస్తున్నారో" అని ఒక చూపు చూసేవారు.

నేను పళ్ళ బిగువున నవ్వు ఆపుకునేదాన్ని. మా ఆయన చెప్పులు విప్పుకునే నెపంతో వంగి ఎంతకీ పైకి లేచేవారు కాదు. ఎందుకంటే ఆ నెమ్మదస్తుడి మాటలు రాసేది నేను. ఆ నోటి దురుసు పెళ్ళాం మాటలు రాసేది అత్తగారి కన్నకొడుకు.

ఆ ఏర్పాటు పెద్దాయనది. కార్యక్రమమే ఆయనది, రాసేవాళ్ళనీ ఆడేవాళ్ళనీ పోగేసి ఒక్కచోట కూర్చోబెట్టింది ఆయనే. నాటకాల్లోంచి వచ్చిన మనిషి, భారీ శరీరం, పళ్ళ మధ్య ఎప్పుడూ నలుగుతుండే పెన్సిలు ముక్క. మొదట్లో మొగుడి మాటలు మా ఆయనా, పెళ్ళాం మాటలు నేనూ రాసేవాళ్ళం. ఎవరి పక్షాన్ని వాళ్ళం గెలిపించుకోవాలని చూసేవాళ్ళం. చదివితే నవ్వు రాకపోగా పంచాయితీకి వచ్చినట్టుండేది. పెద్దాయన విని విని ఒకరోజు కాగితాలు పక్కన పడేశారు.

"ఇది హాస్యం కాదర్రా, మీ ఇంటి గొడవ. ఇవాళ్టి నుంచి మార్చుకోండి. అమ్మాయ్, మొగుడి మాటలు నువ్వు రాయి. పెళ్ళానివి నువ్వు రాయవోయ్. ఒకే కాగితం, ఒకే కలం. ఒకరు ఒక మాట రాసి అటు జరపాలి, రెండోవాళ్ళు జవాబు రాసి ఇటు జరపాలి. మధ్యలో నోరు విప్పడానికి వీల్లేదు. అవతలివాళ్ళు రాసింది కొట్టెయ్యడానికి అసలే వీల్లేదు."

దాంతో మా ఇద్దరికీ గత్యంతరం లేకపోయింది. మా ఆయన బుర్రలో దూరితే తప్ప నాకు ఒక్క మాట తట్టేది కాదు. నా బుర్రలో దూరితే తప్ప ఆయనకి కలం కదిలేది కాదు. శనివారం సాయంత్రం వీధులు ఖాళీ అవడం, టీవీ ఉన్న ఇంటికి లేని ఇళ్ళవాళ్ళు చేరడం అప్పుడే మొదలైంది.

ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. కార్యక్రమం చివర్లో చూపించే అట్టమీద పేర్లుండేవి కావు. "రాసింది, ఆడింది, కట్టింది, కూల్చింది - మేమే" అని ఉండేది. జనం దృష్టిలో నేను మా ఆయనకి భోజనం క్యారియరు పట్టుకెళ్ళే ఇల్లాలిని.

కూల్చింది అన్న మాట ఊరికే పెట్టలేదు. మాకిచ్చిన స్టూడియో ఒకప్పటి గోదాము. గుడ్డ గోడలు, రేకుల కప్పు. వాన పడితే మాట వినపడదని సౌండు చూసే ఆయన రేకుల మీద పాత గోనెసంచులు పరిపించారు. మాకున్నది ఒకే ఒక్క తలుపు, దానికి ఒకవైపు ఆకుపచ్చ, రెండోవైపు తెలుపు. ఆకుపచ్చ తిప్పితే బ్యాంకు, తెలుపు తిప్పితే ఆసుపత్రి. ఒకసారి డాక్టరు వేషగాడు ఆ తలుపు విసురుగా వేసేసరికి ఆసుపత్రి మొత్తం మంచం మీది రోగిపై కూలింది. అన్నీ నేరుగా ప్రసారమయ్యే రోజులు, ఆపడానికి లేదు. రోగి గోడ కింద నుంచి తల మాత్రం బయటపెట్టి, "డాక్టరుగారూ, ఇప్పుడు నొప్పి ఇంకోచోట ఉందండీ" అన్నాడు. బల్లల మీద కూర్చుని చూస్తున్న జనం పొట్ట చేత్తో పట్టుకున్నారు.

ఆ రోగే మా నిద్రమొహం. కనురెప్పలు సగం దించుకుని పుట్టినవాడు. ఏ మాట ఇచ్చినా అప్పుడే లేపితే లేచి చెప్పినట్టు చెప్పేవాడు. "ఆయనా ఆవిడా"లో ఆయన అతనే. ఆవిడ మా బొంగురక్క. గొంతు వింటే జలుబు చేసిందేమో అనిపిస్తుంది గానీ, ఆ గొంతుతో ఒక్క మాట విసిరిందంటే చివరి బల్లదాకా తగిలేది.

మేం రాసుకునే గది మేడమీద ఉండేది. అక్కడ ఎవరూ నవ్వకూడదు. అదింకో కట్టుబాటు. నవ్వినవాళ్ళు వానలో వెళ్ళి అందరికీ టీ తేవాలి. ఎంత గొప్ప మాట చదివినా పెద్దాయన పరామర్శకి వచ్చినవాడిలా మొహం పెట్టి "బాగుంది" అనేవారు. నాకు ఆ గది అంటే ప్రాణం. ఇప్పటికీ తడిసిన గోనెసంచి వాసన తగిలితే ఆ బల్ల దగ్గర కూర్చోవాలనిపిస్తుంది.

ఆ వానాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం, పెద్దాయన నన్ను మెట్ల దగ్గర ఆపారు.

"అమ్మాయ్, కొత్తది ఒకటి మొదలుపెడుతున్నా. ఒక టెలిఫోను ఎక్స్ఛేంజి, అందులో నలుగురు ఆడవాళ్ళు, రోజూ పావుగంట. నువ్వు రాయాలి."

"మేం ఎప్పట్నించి మొదలుపెట్టాలండీ?"

"మేం కాదు. నువ్వు. ఒక్కదానివే. అట్టమీద నీ పేరే వేస్తాను. అది చేస్తే ఇక్కడికి రావడం కుదరదు, స్టూడియో ఊరికి అవతల. వానలు తగ్గేలోపు ఏ సంగతీ చెప్పు."

చేస్తానని అప్పుడే నోటిదాకా వచ్చింది. కానీ నేను లేచిపోతే ఆ బల్లకి ఒకవైపు ఖాళీ అవుతుంది. మా ఆయనతో చెప్పకుండా ఎలా ఒప్పుకోను? ఆ సాయంత్రం బస్సులో ఆయన చెవిన వేశాను. పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. ఆయన కిటికీ అద్దంమీద జారే నీళ్ళు చూస్తూ విన్నారు.

"ఊఁ" అన్నారు.

అంతే. మా ఆయన సంగతి చెప్పాలి. కాగితం మీద అంత గలగలలాడే మనిషి ఇంట్లో మాటలు దాచుకుని తినేవారు. ఆ "ఊఁ"లో ఏముందో తెలుసుకుందామని మర్నాడు పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడ్డాను.

"నిన్న చెప్పానే, దాని గురించి ఏమంటారు?"

"చెప్పావుగా" అన్నారు అద్దంలోకి.

"చెప్పాను. మీరు చెప్పాలి."

"తెగుతుందే, కాస్త ఆగు" అని పై పెదవి బిగించారు. గడ్డం అయింది, స్నానం అయింది, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నేను గోడకి చెప్పుకున్నట్టయింది.

ఇలా రోజులు గడిచాయి. నేను అడగడం, ఆయన నీళ్ళు నమలడం. బొంగురక్క నా మొహం చూసి కనిపెట్టేసింది. మేకప్ గదిలో జడ వేసుకుంటూ నిలదీసింది.

"వెళ్ళడానికి మొగుడి అనుమతి కావాలటే? ఇన్నాళ్ళూ మొగుడి మాటలు రాసినదానివి, ఆ ఒక్క మాటా రాసుకుని వెళ్ళిపో."

"అనుమతి అడగడం లేదక్కా. ఏదో ఒకటి అనమంటున్నాను. వద్దంటే పోట్లాడతాను. సరే అంటే సంతోషిస్తాను. ఆ ఊఁ మీద కాలు పెట్టి ఎలా వెళ్ళను? జన్మంతా అదేమిటో వెతుక్కుంటూ ఉండాలి."

బొంగురక్క జడకి రిబ్బను కట్టుకుంది. "అదీ నిజమే. మగాళ్ళ ఊఁ చాలా చెడ్డది" అంది.

ఆ వారం బల్ల దగ్గర కూర్చున్నాం. పెళ్ళాం మాటతో మొదలవ్వాలి, అంటే కలం ఆయనది. రాసి ఇటు జరిపారు.

"కుట్టు బడికి నన్ను పెద్దని చేస్తామంటున్నారు. ఏమంటారు?"

నేను తలెత్తి చూశాను. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. మొగుడి మాట నా చేతిలోనే ఉంది కదా అని, అచ్చం ఆయనలాగే రాశాను.

"ముందు నా చొక్కా గుండీ సంగతి ఏమంటావు?"

"గుండీ నేను కుడతాను. మీ నోరు ఎవరు కుట్టారో అది చెప్పండి."

"నేను ఆలోచిస్తున్నాను."

"నిన్న కూడా ఇదే మొహం పెట్టి నిద్రపోయారు."

"ఆలోచన లోతుగా ఉంటే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి."

"లోతు సంగతేమో గానీ, గురక మాత్రం పైకే వినిపించింది."

పక్క బల్ల దగ్గరున్న నిద్రమొహం ఆగలేక నవ్వేశాడు. గొడుగు తీసుకుని టీకి వెళ్ళాడు. శనివారం జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఇంటికి రాగానే అత్తగారు, "పాపం, ఆ మొగుణ్ణి కాస్త ఆలోచించుకోనివ్వకూడదూ ఆ మనిషి" అన్నారు. మా ఆయన ఆ రోజు కూడా చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకున్నారు.

కుట్టు బడి కథ అక్కడితో ఆగలేదు. ప్రతివారం ఆయన పెళ్ళాం చేత అదే అడిగించారు. ప్రతివారం నేను మొగుడి చేత తప్పించుకునేలా చేశాను. ఒక మంగళవారం ఆయన చాలాసేపు రాసి కాగితం జరిపారు.

"ఇన్నాళ్ళూ ఒక్క మనిషికే గుండీలు కుట్టాను. నేను కుట్టింది చూసి, ఇది ఎవరు కుట్టారని నలుగురూ అడిగితే వినాలని ఉంటుంది నాకు. అడగరు. ఎవరికీ తెలియదు కాబట్టి అడగరు. అది మీకు తెలుసు."

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆయనతో అసలే అనలేదు. పైకి అంటే పేరు కోసం పాకులాడుతున్నట్టు ఉంటుందని నాలోనే మింగేసుకున్న మాట. దాన్ని ఆయన పొల్లు పోకుండా నా గొంతులోంచి తీసి కాగితం మీద పెట్టారు. ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఇంత తెలిసీ ఇన్నాళ్ళూ మాట్లాడకుండా కూర్చున్నారన్నమాట.

కలం తీసుకుని మొగుడి జవాబు రాశాను. "ఊఁ."

ఆయన ఆ ఊఁని చాలాసేపు చూశారు. కొట్టెయ్యడానికి వీల్లేదు కదా.

ఆ శనివారం నిద్రమొహం అన్న "ఊఁ"కి స్టూడియో కూలుతుందనుకున్నాను. అతను అనే ముందు ఒకసారి కళ్ళు మూశాడు, తెరిచాడు, గుండీ చూసుకున్నాడు, అప్పుడన్నాడు. మర్నాటికి వీధి వీధంతా ఊఁలే. టికెట్టు అడిగితే బస్సు కండక్టరు ఊఁ అన్నాడు. కిళ్ళీకొట్టు దగ్గర ఒకడు ఊఁ అంటే పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. మా ఆయన వాళ్ళ మధ్యలోంచి తల దించుకుని నడిచారు. తన ఊఁ ఊరంతా తిరుగుతుంటే వినాల్సి వచ్చింది పాపం. నాకు జాలి కలగలేదు.

వానలు తగ్గుముఖం పట్టాయి. పెద్దాయన ఒకటి రెండుసార్లు నా వైపు చూసి, ఏమీ అడగకుండా పెన్సిలు నమిలారు. ఆ వారం కాగితం ముందుకొచ్చింది. పెళ్ళాం అంటోంది:

"రేపట్నించి రమ్మన్నారు. నన్ను వెళ్ళమంటారా?"

కింద ఖాళీ. మొగుడు జవాబు చెప్పాలి. అంటే నేను రాయాలి. ఆయన నన్ను వెళ్ళమనే మాట కూడా నేనే రాసుకోవాలి. కలం పట్టుకుని కూర్చున్నాను. ఎన్నో తట్టాయి, నవ్వు తెప్పించేవే. ఒక్కటీ రాయబుద్ధి కాలేదు. కలం మూత పెట్టి కాగితం మీద పెట్టాను.

"ఇది నేను రాయను" అన్నాను.

గదిలో అందరూ తలలెత్తారు. ఆ బల్ల దగ్గర మేమిద్దరం నోరు విప్పడం అదే మొదలు.

మా ఆయన కంగారుపడ్డారు. "ఏం? బాగాలేదా?"

"బాగుంది. ఈ వర్షాకాలమంతా మీ పెళ్ళాం చాలా బాగా మాట్లాడింది. మీరు ఒక్క మాట మాట్లాడలేదు."

ఆయన నిజంగానే తెల్లబోయారు. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

"అదేమిటి? వారం వారం చెప్తూనే ఉన్నాగా. వెళ్ళాలని ఉందని రాశాను. ఎందుకు వెళ్ళాలో రాశాను. రేపు రమ్మన్నారని కూడా రాశాను. ఇంతకన్నా ఎలా చెప్పను? నువ్వే ప్రతిసారీ అడ్డం పడుతున్నావు. నీకే ఇష్టం లేదేమో అనుకున్నాను."

అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ అదేం పొరపాటో అర్థమైంది. పెళ్ళాం మాటలు రాసీ రాసీ, ఆవిడ చేత అనిపిస్తే తను అన్నట్టే అనుకున్నారు ఆయన. మొగుడి మాటలు రాసీ రాసీ, నా కోపమంతా ఆయన నోట్లో పెట్టి, అదే ఆయన జవాబనుకున్నాను నేను.

"మీరు రాసినవన్నీ నా మాటలండీ" అన్నాను. "మీ మాట ఏది?"

పెద్దాయన పెన్సిలు నోట్లోంచి తీశారు. "ఈ ఒక్కసారికి మార్చుకోండర్రా" అన్నారు మెల్లగా.

మా ఆయన కలం అందుకున్నారు. మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. ఎంత పెద్ద ముక్కనైనా టీ చల్లారేలోపు రాసి పడేసే మనిషి, ఒక్క వరస కోసం చెమటలు కక్కారు. చివరికి రాసి అలవాటుగా ఇటు జరిపారు. జరిపాక, "కింద ఆవిడ మాట నీదే" అన్నారు. చదివి, దాని కింద ఒక్క మాట రాశాను.

శనివారం నేను కెమెరాల వెనక నిలబడి చూశాను. రెండు కుర్చీలు. బొంగురక్క అడిగింది, "రేపట్నించి రమ్మన్నారు. నన్ను వెళ్ళమంటారా?" జనం ముందే నవ్వడానికి సిద్ధమైపోయారు, ఊఁ వస్తుందని. నిద్రమొహం ఈసారి కళ్ళు మూయలేదు. సగం దిగిన ఆ రెప్పలు పైకెత్తి ఆవిణ్ణి చూశాడు.

"వెళ్ళు. నాకు భయంగా ఉంది. అయినా వెళ్ళు."

ఒక్కరూ నవ్వలేదు. ఆ స్టూడియోలో ఒక మాటకి నవ్వు రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. గోనెసంచుల మీద తుంపర పడుతున్న చప్పుడు వినపడింది. నా పక్కన మా ఆయన ఊపిరి బిగపట్టారు. అప్పుడు బొంగురక్క చీర కొంగు సర్దుకుని నేను రాసిన మాట అంది.

"ఈ ముక్క మొదటివారమే అనొచ్చుగా."

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తరవాత మగవాళ్ళు నవ్వారు. ఎంతకీ ఆగలేదు. సమయం దాటిపోతోందని చేతులూపాల్సిన పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. మా ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకున్నారు, అందరి ముందూ.

ఇంటికొచ్చేసరికి అత్తగారి మొహం చిన్నబోయి ఉంది.

"ఇవాళ్టి మొగుడి మాట నువ్వు రాయలేదు కదరా. మగాడు భయమంటాడా? మొదట్నించీ ఎంత బాగా వచ్చాడు, చివర్లో ఎవడో చెడగొట్టాడు."

ఆయన ఈసారి చెప్పులమీదికి వంగలేదు. "లేదమ్మా. అదొక్కటే నేను రాసింది. మిగతావన్నీ నీ కోడలు రాసినవే."

అత్తగారు నన్నూ కొడుకునీ మార్చి మార్చి చూశారు. "మరి ఆ పెళ్ళాం మాటలు?"

"అవన్నీ నావి."

"ఆ గయ్యాళి మాటలా? నీ కడుపులో అన్ని మాటలున్నాయట్రా? ఇంట్లో నోట్లో నాలుక లేనట్టుంటావే" అని కుర్చీలో కూలబడ్డారు. నా వైపు తిరిగి, "అయితే ఆ నెమ్మదంతా నీదా" అన్నారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో మెచ్చుకోలు ఉందో, నిష్ఠూరం ఉందో తేల్చుకోలేకపోయాను.

నేను కొత్త చోటికి వెళ్ళాను. "ఆయనా ఆవిడా" మరి కొన్ని వారాలకే ఆగిపోయింది. ఇద్దరి మాటలూ ఒక్కరే రాస్తే అతకలేదు, వేరేవాళ్ళతో కూర్చుంటే ఆయనకి కుదరలేదు. ఆ తరవాత ఏడాదికి కార్యక్రమమే ఆగింది. ఆ రోజుల్లో ఏదీ దాచిపెట్టలేదు. ప్రసారమైంది ప్రసారమైనట్టే గాలిలో కలిసిపోయింది. ఇప్పుడు పెద్దాయన లేరు, నిద్రమొహం లేడు. బొంగురక్క ఎప్పుడైనా ఫోను చేస్తుంది, గొంతు ఇంకా బొంగురుపోయింది. మేం నవ్వించిన వాళ్ళ జ్ఞాపకాల్లో తప్ప మా నవ్వులు ఎక్కడా లేవు. తలుచుకుంటే దిగులేస్తుంది, అంతలోనే నవ్వొస్తుంది.

కానీ నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండేది కొత్త చోటికి మొదటిరోజు వెళ్ళిన పొద్దు. మా ఆయన బస్సు స్టాపుదాకా వచ్చారు. బస్సు కనుచూపు మేరలో ఉంది. ఏదో అనబోయి ఆగారు. నాకు తెలుసు ఏమనాలనుకుంటున్నారో. ఇంతకుముందైతే నేనే అందించేసేదాన్ని. ఆ రోజు అందించలేదు. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, కండక్టరు నా వైపు చూశాడు, బస్సు వెళ్ళిపోయింది.

"నీకు..." అన్నారు ఆయన. "నువ్వు పక్కన కూర్చుని రాస్తుంటే... నాకు బాగుండేది. అంటే, బాగుండేదని కాదు... కాగితం ఇటు వచ్చేదాకా ఏం రాస్తావో అని... పొద్దున్నే లేచేవాణ్ణే అందుకని."

ఒక్క వరస కూడా సరిగ్గా రాలేదు. కొట్టివేతలూ దిద్దుబాట్లూ అన్నీ పైకే వినపడుతున్నాయి. నేను ఒక్క మాట కూడా సరిచెయ్యలేదు. ఇంకో బస్సు వచ్చి వెళ్ళింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.

నేను చేరేసరికి పెద్దాయన గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

"మొదటిరోజే ఆలస్యమా అమ్మాయ్? ఇంట్లో ఏమైనా గొడవా?"

"లేదండీ" అన్నాను. "ఆయన మాట్లాడుతున్నారు. మధ్యలో లేచి రాబుద్ధి కాలేదు."